సగం నల్లగా వచ్చిన పెళ్లి ఫోటో

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు కాశిబుగ్గలో మా ఇంటికి వస్తుంటారు. మెడలో డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా వేలాడుతుంటుంది. "చవకల దొరికింది తాతా, ఎట్లున్నదో జర చూడు" అని నా చేతిలో పెడతారు. నేను తిప్పి చూసి మొదట అడిగేది ఒక్కటే. "ఎవలి దగ్గర కొన్నవ్? ఆయన ఎందుకు అమ్ముకున్నడు?" వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వనీ. ఫోటోగ్రాఫర్‌కి కావలసింది వెలుతురు ఒక్కటే అనుకుంటారు. అనుమానం కూడా అంతే కావాలి. అది లేనివాడు పెళ్లిళ్లకు పనికొస్తాడేమో గానీ ఈ వృత్తికి పనికిరాడు.

వరంగల్‌లో, హనుమకొండలో నేను పనిచేసిన రోజుల్లో ఫోటో అంటే అందరికీ ముచ్చటే, ఫోటో తీసేవాడంటే అందరికీ అనుమానమే. పెళ్లిచూపులకని ఆడపిల్ల ఫోటో తీయించిన తండ్రి, ఇంకో కాపీ ఎక్కడ దాచావోనని స్టూడియో అంతా కళ్లతోనే వెతికేవాడు. పోలీసులు వచ్చి ఫలానా మీటింగులో ఎవరెవరున్నారో చూపమనేవారు. వాళ్లు అటు పోగానే మీటింగువాళ్లు వచ్చి, పోలీసులకు ఏం చూపావని అడిగేవారు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేవాణ్ణి. "ఫిల్ము ఖరాబైంది సార్." ఇద్దరూ నమ్మేవారు కాదు. అయినా అదే జవాబు. మీరూ నేర్చుకోండి, ఎప్పుడో అక్కరకొస్తుంది.

ఉస్తాద్, నా కెమెరా

నాకు పని నేర్పినవాడు ఖాదర్ సాబ్. హనుమకొండ చౌరస్తా దగ్గర ఆయన స్టూడియో. నేను ఉస్తాద్ అనేవాణ్ణి. నర్సంపేట నుంచి జనగామ దాకా ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. అందుకు కారణం పెళ్లి ఫోటోలు కాదు, అతుకు ఫోటోలు. అప్పట్లో మొగుడు పోయిన ఆడవాళ్లు అతని పాత ఫోటో ఏదో ఒకటి పట్టుకొచ్చేవారు. పొలం పట్టా కోసం తీసినదో, జాతరలో నలుగురి మధ్య నిలబడినదో. ఉస్తాద్ అందులోంచి ఆ మనిషిని కోసి తీసి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వేరే ఫోటో తీసి, రెండింటినీ అతికి, సన్న కుంచెతో దిద్ది, మళ్లీ ఫోటో తీసేవాడు. చూస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తీయించుకున్నట్టే ఉండేది. ఆడవాళ్లు దాన్ని చూసి అక్కడే ఏడ్చేసేవారు. ఉస్తాద్ మాత్రం ముఖం తిప్పుకుని, "చాయ్ తెప్పియ్యిరా" అనేవాడు. మనసు మెత్తన, నోరు గరుకు.

ఆయన కెమెరా పాత రెండు కళ్ల పెట్టె. పై కంటితో చూడాలి, కింది కన్ను ఫోటో తీస్తుంది. ఛాతీ దగ్గర పట్టుకుని తల వంచి చూసేవాడు, నమాజుకు వంగినట్టు. దాన్ని తప్ప మరొకదాన్ని ఆయన నమ్మలేదు.

నేను ఎస్సెల్లార్ కొన్నాను. రష్యాది, సెకండ్ హ్యాండ్. ఒక కాలేజీ లెక్చరర్ అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. అప్పట్లో నాలాంటి వాడికి అందుబాటులో ఉన్న ఎస్సెల్లార్ అదొక్కటే. బరువు ఇటుకంత. ఆయన "కొత్తదానిలెక్కనే ఉన్నది" అన్నాడు. నేను ఆ మాట విననట్టే లెన్సు ఊడదీసి, వెనక తలుపు తెరిచి, ఎండకు పట్టుకున్నాను. ఆ కెమెరాల్లో ఫిల్ము ముందు నల్లగుడ్డ తెర ఉంటుంది. గుడ్డకు సూది బెజ్జం పడినా ప్రతి ఫోటో మీద చుక్క పడుతుంది. ఎండకు చూస్తేనే బెజ్జం బయటపడుతుంది. లెక్చరర్‌కు కోపం వచ్చింది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. "మీ మీదున్నది సార్, గుడ్డ మీద లేదు" అన్నాను. మీరు కూడా ఏ కెమెరా కొన్నా అమ్మేవాడి ముఖం కాదు, లోపలి గుడ్డ చూడండి. ఇప్పుడు గుడ్డ లేకపోతే ఇంకేదో ఉంటుంది, అది చూడండి.

స్టూడియోకి తెచ్చి ఉస్తాద్‌కు చూపిస్తే, కంటికి ఆనించుకుని ఒకసారి నొక్కాడు. ఎస్సెల్లార్‌లో లెన్సు చూసేదే మనం చూస్తాం, లోపలి అద్దం వల్ల. బటన్ నొక్కగానే ఆ అద్దం టపక్కున పైకి లేస్తుంది, ఆ క్షణం మన కంటికి చీకటే. ఉస్తాద్ ఉలిక్కిపడి కెమెరా దించాడు.

"ఇదేందిరా, ఫోటో తీసే టైముకే కండ్లు మూసుకుంటాంది?"

"గంతే ఉస్తాద్. మళ్ల తెరుచుకుంటది."

"తీసేటప్పుడు కండ్లు మూసుకునేదాన్ని ఎట్ల నమ్మాలె? ఇంటికి తీస్కపో."

నర్సంపేట అవతల పెళ్లి

పెళ్లిళ్ల కాలంలో ఒక పొద్దున ఉస్తాద్ పెట్టె కెమెరా మొరాయించింది. ఫిల్ము తిప్పే పిడి తిరగలేదు. నర్సంపేట అవతల ఒక ఊళ్లో ముహూర్తం, బస్సు వేళైంది. నాకు స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోల జనం. చేసేది లేక ఉస్తాద్ నా ముందు చెయ్యి చాచాడు. నేను నా కెమెరా ఇస్తూ ఒకటే చెప్పాను.

"ఫ్లాష్ గొడితే స్పీడు ముప్పై మీదనే ఉంచు ఉస్తాద్. అరవై వద్దు."

"నాకు జెప్తానవా? నీ మూతికి మీసం రాకముందు నుంచి ఫ్లాష్ గొడుతున్న" అని విసవిసా వెళ్లిపోయాడు.

ఆయన పెట్టె కెమెరాలో షట్టరు, అంటే వెలుతురును వదిలి మూసే తెర, లెన్సులోనే ఉండేది. ఏ స్పీడు మీద ఫ్లాష్ కొట్టినా నడిచేది. చేతివేళ్లకు అరవై, అంటే సెకనులో అరవయ్యో వంతు, అలవాటైపోయింది. నా కెమెరాలో అరవై పెడితే ఆ గుడ్డ తెర ఫిల్మునంతా ఒకేసారి తెరవదు, సగం తెరుచుకునేసరికి వెనక నుంచి మూసుకుంటూ వస్తుంది. ఫ్లాష్ వెలుగు సగానికే పడుతుంది. కొత్త కెమెరా కొని పాత వేళ్లతో వాడేవాళ్లందరికీ జరిగేదే ఇది.

ఫిల్ము కడిగి ప్రింట్లు వేశాను. ప్రతి ఫోటోలో పెళ్లికూతురు పట్టపగలులా ఉంది, పెళ్లికొడుకు ఉన్నచోట చీకటి. ఉస్తాద్ పందిట్లో ఒకే మూల నిలబడి అన్నీ తీశాడు కాబట్టి ప్రతిసారీ పిల్లగాడే నలుపులో పడ్డాడు.

పెళ్లికూతురు అన్న మల్లేశం ఫోటోల కోసం వచ్చాడు. మా ముఖాలు, ఫోటోలు మార్చి మార్చి చూశాడు.

"మా బావ ఏడి?"

"ఫిల్ము ఖరాబున్నది బిడ్డా" అన్నాడు ఉస్తాద్. నేల చూస్తూ అన్నాడు.

"ఫిల్ము ఖరాబైతే మా చెల్లె ఎట్ల మంచిగున్నది? మా బావ ఒక్కడే ఖరాబైండా?" అని మల్లేశం అరిచాడు. ఫోటోలు మా బల్ల మీదే పడేసి వెళ్లిపోయాడు. తర్వాత ఈ సంగతి విని వాళ్లవాళ్లు ఏదో అపశకునం అన్నారట, ఎవరో చేతబడి కూడా అన్నారట. ఉస్తాద్ ఆ రోజు అన్నం తినలేదు. నెగటివ్‌లున్న కవరు చెత్తలో వేయబోతే నేను తీసి రేకు డబ్బాలో పెట్టాను. నెగటివ్ పారేసే అలవాటు నాకు లేదు.

తెల్ల చొక్కా ఆయన

ఆ తర్వాత చాలా కాలానికి, ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. మాట తేనె. ఆ ఊరి పేరు, ఆ పెళ్లి పేరు చెప్పి, తాను పెళ్లికూతురు తరఫు బంధువునన్నాడు. "పిల్ల ముచ్చట పడుతాంది, మంచిగ కడిగిచ్చి ఇద్దామని. ఫోటోలు వద్దు, నెగటివ్‌లే ఇయ్యిండ్రి" అన్నాడు.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముచ్చట ఉన్నవాడు ఫోటో అడుగుతాడు. నెగటివ్ అడిగేవాడికి ముచ్చట ఉండదు, పని ఉంటుంది. పైగా సొంత అన్నే కాదని పడేసిన ఫోటోల మీద దూరపు బంధువుకు ఇంత ప్రేమ ఎందుకు? "వెతకాలె, రేపు రాండ్రి" అని పంపేశాను.

సాయంత్రం చూస్తే, ఎదురుగా ఉన్న హోటల్లో ఆ పెద్దమనిషి, మా ఉస్తాద్ ఒకే బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగుతున్నారు. నవ్వుకుంటున్నారు కూడా. నా ఒళ్లు మండిపోయింది. ఆ ఫోటోలు లేకుండా పోతే అందరికన్నా ఎక్కువ సంతోషించేది ఉస్తాదే కదా! ఇచ్చేస్తాడు, తప్పకుండా ఇచ్చేస్తాడు అనుకున్నాను. డబ్బాలోంచి ఆ కవరు తీసి చొక్కా లోపల పెట్టుకుని కాశిబుగ్గకు వచ్చేశాను. మా ఇంట్లో మగ్గం పక్కనున్న చీరల మడతల్లో దాచాను. ఉస్తాద్‌తో ఒక్క మాట అనలేదు.

సరోజన

ఆ వారంలోనే మల్లేశం మళ్లీ వచ్చాడు. వెంట అతని చెల్లెలు సరోజన, ఆమె చంకలో ఒక ఆడపిల్ల. ఫోటోలో వెలుగులో ఉన్న ఆ ముఖమే, కానీ సగానికి చిక్కిపోయింది. మల్లేశం గొంతులో పాత కోపం లేదు.

"మా బావ రవీందర్ ఇంకో లగ్గం చేసుకుంటాండు అన్నా. ఇదేందని అడిగితే, నీతోటి నాకు లగ్గమెప్పుడైంది అంటాండు. పిల్ల నాది కాదంటాండు. వాళ్ల మేనమామ అయితే మీ ఊరే నేను సూడలేదంటాండు. సాక్షులను వెడితే అందరు మీ ఇంటోళ్లే అంటాన్లు. ఎల్లుండి పంచాయితి ఉన్నది."

సరోజన పిల్లను కిందికి దించి అన్నది. "నేను పోతే పోత. ఈ బిడ్డెను రేపు ఎవలి బిడ్డ అంటరు? బడిల ఎవలి పేరు రాపియ్యాలె? దీనికి తండ్రి లేడంటే నన్నేమంటరో నీకెరుకే కదన్నా. ఒక్క ఫోటోల వాని మొఖం అవుపడినా చాలు."

ఉస్తాద్ రేకు డబ్బా తీసి వెతకడం మొదలుపెట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను. దొరకదని తెలిసి వెతుకుతున్నాడా, నిజంగా వెతుకుతున్నాడా అని ఆయన చేతులే చూస్తున్నాను. చివరకు లేచి నడుము మీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగాడు.

"తెస్తవా, నేనే కాశిబుగ్గకు రావాల్నా?"

ఉస్తాద్ డబ్బా మూత పెట్టి నా ముందుకు వచ్చాడు.

"ఆ తెల్ల అంగోడు ఎవడో, ఎందుకచ్చిండో కనుక్కుందామని చాయ్ తాగిన. కవరు ఇస్త, ముందు నీ సంగతి చెప్పుమన్న. చెప్పలే, నవ్విండు. వచ్చి డబ్బ జూస్తె కవరు లేదు. నువ్వే అయి ఉంటవు, మంచిగైంది అనుకున్న. నన్ను దొంగ అనుకున్నవు గదా?"

"అనుకున్న ఉస్తాద్" అన్నాను. ఏమని అబద్ధం ఆడాలి?

"అనుకోవాలె. గట్లనే ఉండాలె. పో, పట్కరా" అన్నాడు.

నెగటివ్‌ను లైటు మీద పెట్టి భూతద్దంతో చూశాం. ఫోటోలో కనిపించిన నలుపు పూర్తి నలుపు కాదు. పెళ్లి పొద్దటి పూటది. ఫ్లాష్ తగలకపోయినా పందిట్లోని పగటి వెలుతురు ఆ సగానికి కూడా కాస్త తగిలింది. మామూలుగా ప్రింటు వేస్తే కనిపించనంత పలచన. తెలుపు నలుపుల తేడా పెంచే హార్డ్ పేపరు మీద మొత్తానికి కొద్దిగా వెలుగిచ్చి, తర్వాత పిల్లగాడి సగం మీద నా అరచెయ్యి అడ్డం పెట్టి, పెళ్లికూతురు సగానికి మాత్రం ఇంకాస్త ఇచ్చాను. కాగితాలు వృథా అయ్యాయి. కానీ చివరకు ట్రేలో నీళ్ల కింద ముఖం తేలింది. గరుకుగా, ఇసుక చల్లినట్టు ఉంది. అయినా రవీందరే. రెండు చేతులతో పుస్తె కడుతున్నాడు. అతని వెనక, అక్షింతలు చల్లడానికి చెయ్యెత్తి ఉన్నది మా తెల్ల చొక్కా పెద్దమనిషి.

"వాళ్ల మేనమామ!" అన్నాడు మల్లేశం. సరోజన కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. ఆ తేనె మాటలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి.

పంచాయితీ

సరోజన ఊరి బడి వరండాలో రెండు ఊళ్ల పెద్దలు కూర్చున్నారు. పిల్లగాడి ఊరి తరఫున ముఖ్యమైనవాడు సారయ్య పటేల్ అనే ముసలాయన. మొండివాడు, కానీ కళ్లతో చూసింది కాదనడని పేరు. ముందు మేనమామ లేచి, ఈ ఊళ్లో తాను అడుగు పెట్టడం ఇదే మొదటిసారి అని పిల్లల మీద ఒట్టేశాడు. అప్పుడు మల్లేశం ఫోటో తీసి పెద్దల ముందు పెట్టాడు. పెద్దలు ముందుకు వంగి చూశారు. నేను గెలిచామనుకున్నాను.

మేనమామ ఫోటో అందుకుని, చూసి, నింపాదిగా నవ్వాడు.

"పటేలా, దీన్నెవలు చేసిన్రో జూడు. ఖాదర్ సాబు. సచ్చిపోయినోన్ని దెచ్చి పెండ్లాం పక్కన కూసుండవెట్టెటోడు. బతికున్నోన్ని వెట్టుడు ఆయనకెంత పని? నడిమిట్ల గీత అవుపడుతలేదా? గీడ తెలుపు, గీడ మసక. రెండు ముక్కలు అతికిన్రు."

జనంలో గుసగుస మొదలైంది. నిజమే, మధ్యలో గీత గీసినట్టే ఉంది. ఆ గీతను ఎంత ప్రయత్నించినా నేను పోగొట్టలేకపోయాను. ఆ ఊళ్లోనే ఎన్ని ఇళ్లల్లో ఉస్తాద్ అతుకు ఫోటోలు గోడల మీద ఉన్నాయో! అందరి కళ్లూ మా మీదికి తిరిగాయి. సరోజన నావైపు చూసింది. ఆమె కూడా అనుమానపడుతోందేమో అనిపించింది.

ఉస్తాద్ లేచాడు. టోపీ సర్దుకున్నాడు.

"అతుకుడు నా పనే. నేను అతికితే అతుకు ఎవనికన్న అవుపడ్డదా ఇన్నేండ్లల? ఇంత దరిద్రంగ నేను అతుకుతనా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇది అతుకు కాదు. ఇది నా తప్పు. కెమెరా ఈయనది. ముప్పై మీద పెట్టుమన్నడు, నేను ఇనలే, అరవై మీద పెట్టిన. ఫిల్ము ఖరాబని ఈ మల్లేశానికి అబద్ధమాడిన. నాకు కెమెరా నడుపరాలే. గంతే ముచ్చట."

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు ఊళ్ల జనం ముందు తనకు కెమెరా నడపరాలేదని చెప్పుకున్న ఫోటోగ్రాఫర్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు.

"మాటలకేమి, ఎవలైనా చెప్తరు" అన్నాడు మేనమామ.

"నన్ను నమ్మకు. నువ్వెందుకు నమ్ముతవు?" అని ఉస్తాద్ నా మెడలోని కెమెరా అందుకున్నాడు. ఫ్లాష్ తగిలించాడు. స్పీడు అరవై మీద పెట్టి సారయ్య పటేల్‌కు చూపించాడు. పెద్దలందర్నీ వరసగా కూర్చోబెట్టి టపక్‌మని నొక్కాడు. "పటేలా, నువ్వే మాతోని రా. ఈ ఫిల్ము మీద నుంచి నీ కన్ను తియ్యకు. మేం ఏమన్న అతికితే ఆడనే పట్టుకో."

సారయ్య పటేల్ నిజంగానే కన్ను తియ్యలేదు. బస్సులో కెమెరాను తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. డార్క్‌రూంలో ఫిల్ము కడిగే చీకట్లో నా చొక్కా పట్టుకుని, తర్వాత ఎర్ర బల్బు కింద నా భుజం మీదికి వంగి, ప్రతి ట్రేలో ఏం పోస్తున్నానో అడిగి మరీ నిలబడ్డాడు. బొమ్మను పెద్దది చేసే ఎన్‌లార్జర్‌లో పెట్టబోయే ముందు నెగటివ్‌ను తన చేతిలోకి తీసుకుని, అతుకు ఉందేమోనని గోటితో తడిమి చూశాడు. కాగితం మీద బొమ్మ తేలడం మొదలైంది. ఒక పక్క పెద్దలు తలపాగలతో సహా స్పష్టంగా వచ్చారు. రెండో పక్క నలుపు, మధ్యలో అదే గీత.

"నేనేడున్న?" అన్నాడు ముసలాయన.

"ఆ నల్లదాంట్ల ఉన్నవు పటేలా" అన్నాడు ఉస్తాద్.

ముసలాయన ట్రే మీదికి ఇంకా వంగాడు. తర్వాత పెళ్లి నెగటివ్ కూడా ఇమ్మని, దాన్నీ గోటితో తడిమాడు. "నేను కూసున్నది నిజమే గదా" అని మాత్రం అన్నాడు.

మర్నాడు బడి వరండాలో ఆయన మేనమామను పిలిచి ఆ ఫోటో చేతికిచ్చాడు. "ఈ ఫోటోల నేను లేను. నిన్న నేను ఈడ కూసోలేదా? చెప్పు." మేనమామ తల దించుకున్నాడు. పటేల్ రవీందర్ వైపు తిరిగి, "ఒరేయ్, ఇంకా అబద్ధమాడితే మన ఊర్లె నీకు మంచినీళ్లు పుట్టయి" అన్నాడు. రవీందర్ గొణిగాడు. గట్టిగా చెప్పమన్నారు. లగ్గమైంది, బిడ్డ నాదే అన్నాడు. అందరూ విన్నారు. బడి పంతులు అక్కడే ఉన్నాడు, ఆయనా విన్నాడు.

పెద్దలకు పని అయిపోయినట్టనిపించింది. "ఒప్పుకున్నడు గదా బిడ్డా, ఇగ వానెంట పో. సంసారం చేసుకోండ్రి" అన్నారు సరోజనతో.

"నన్ను ఎరుకలేదన్నోని ఇంటికి నేనెందుకు పోత?" అన్నది ఆమె. "నా బిడ్డెకు తండ్రి పేరు గావాలె, అచ్చింది. నాకు ఆయన అక్కరలేదు. నాకు మగ్గం పనైనా దొరుకుతది, కూలైనా దొరుకుతది."

పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. చివరకు ఆ ఊరి పెద్ద ఒకాయన నాతో అన్నాడు. "సరే, ఆమె ఇష్టం. ముచ్చటైతే ఒడిసింది. ఫోటోగ్రాఫరూ, ఆ నెగటివు ఈడనే కాలవెట్టు. లేకుంటే మళ్ల లొల్లి."

నేను కవరు తీశాను. కాల్చాలనుకోలేదు, ఇవ్వాలనీ అనుకోలేదు. ఏదో సాకు చెప్పి జేబులో పెట్టుకుందామనుకున్నాను. ఈలోపు సరోజన వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"వద్దన్నా. ఇయ్యాల ఒప్పుకున్నడు. రేపు నా బిడ్డె పెద్దగైనంక మళ్ల కాదంటడు."

కవరు విప్పి, నెగటివ్‌ను ఎండకు పట్టుకుని, తనదేనా కాదా అని చూసుకుని, అప్పుడు కొంగున ముడేసుకుంది.